వదిలేసిన సైకిళ్ళ నుంచి పనికొచ్చే భాగాలు తీయడం ఎలా?

నగరంలో ఏ మూల చూసినా గాలి పోయిన టైర్ల మీద కూలబడిన సైకిల్ ఒకటైనా కనిపిస్తుంది. సెల్లార్లలో, హాస్టళ్ళ వెనక, స్టేషన్ల దగ్గర స్టాండుల్లో అలా పడి ఉంటాయి. చైను ఎర్రగా తుప్పు పట్టి, సీటు చిరిగిపోయి ఉంటే పాత ఇనుముకు తప్ప పనికిరాదనుకుంటాం. కానీ సైకిల్ అంతా ఒక్కసారే పాడవదు. ముందు ట్యూబులు, టైర్లు, కేబుళ్ళు, చైను పోతాయి. హబ్బులు (చక్రం మధ్యలో ఇరుసు తిరిగే భాగాలు), క్రాంకులు (పెడళ్ళు బిగించే చేతులు), క్యారియర్, స్టాండు లాంటివి పైకి ఎంత మురికిగా ఉన్నా లోపల గ్రీజు మిగిలి ఉంటే ఇంకా చాలా ఏళ్ళు పనిచేస్తాయి. వాటిని తుప్పుకు వదిలేయడం నాకు నచ్చదు.

విప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఏది దాచాలి, ఏది ఎంత మెరుస్తున్నా పారేయాలి అన్నది తెలియడమే కష్టం. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు అనుమతి, తర్వాతే పానా

వదిలేసినట్టు కనబడినంత మాత్రాన దానికి యజమాని లేడని కాదు. ఊరెళ్ళిన విద్యార్థిదో, ఆసుపత్రిలో ఉన్న మనిషిదో కావచ్చు. తాళం వేసి ఉన్న సైకిల్ తాళం కోస్తే అది దొంగతనమే. ఒక్క బెల్లు విప్పుకున్నా అంతే.

సైకిల్ ప్రైవేటు స్థలంలో ఉంటే ఆ స్థలం చూసుకునేవాళ్ళతో మాట్లాడండి: అపార్ట్‌మెంట్ సంఘం, హాస్టల్ వార్డెన్, ఆఫీసు మేనేజర్. చాలామంది ఆ సైకిళ్ళను ఎలా వదిలించుకోవాలా అనే చూస్తుంటారు. "ఫలానా తేదీలోగా తీసుకెళ్ళకపోతే తొలగిస్తాం" అని వాళ్ళ పేరుమీదే ఒక చీటీ హ్యాండిల్‌కి కట్టించి, తగినంత గడువు ఇప్పించండి. గడువు దాటాక అనుమతి కాగితం మీద రాయించుకోండి. రోడ్డు మీదో, పార్కులోనో ఉన్నదైతే అది స్థానిక పాలనా సంస్థ లేదా పోలీసులు తేల్చాల్సిన విషయం. చాలాచోట్ల అలాంటివి తీసుకెళ్ళి వేలం వేస్తారు. లాట్ మొత్తం కొనుక్కోవడం చట్టబద్ధమైన మంచి దారి.

సైకిల్ చేతికొచ్చాక ముందు ఫ్రేమ్ నంబర్ వెతకండి. ఎక్కువగా పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం కింద చెక్కి ఉంటుంది, కొన్నిటికి సీటు గొట్టం మీదో, హ్యాండిల్ కింది గొట్టం మీదో ఉంటుంది. మట్టి గీకి ఫోటో తీసి, దొంగతనం ఫిర్యాదు ఏమైనా ఉందేమో కనుక్కోండి. నంబర్‌ను గీకేసిన గుర్తులుంటే ఆ సైకిల్ జోలికి పోకండి.

బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ అయితే, ఎండకూ వానకూ పడి ఉన్న లిథియం బ్యాటరీని విప్పకండి, చార్జింగ్ పెట్టకండి. ఉబ్బి ఉంటే ఇంట్లోకి అసలు తేవద్దు. అలాంటి వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించడమే దారి.

విప్పకముందే చూడాల్సినవి

శ్రమ పడేముందు సైకిల్‌ను ఓపిగ్గా ఒకసారి తడిమి చూడండి. చక్రాలు పైకెత్తి తిప్పండి. తిరుగుతూ గరగరమంటే బేరింగు ఎండిపోయిందని అర్థం, అది బాగుచేయొచ్చు. ఒక్కోచోట పట్టుకుని ఆగుతుంటే లోపల గుంతలు పడ్డాయేమో. రిమ్మును పక్కలకు ఊపండి. కొద్దిగా కదిలితే కోన్లు (ఇరుసు మీద బేరింగు గుండ్లను పట్టి ఉంచే ముక్కలు) వదులయ్యాయంతే. పెడల్ పట్టుకుని క్రాంకును కూడా అలాగే ఊపి చూడండి. ఒక అయస్కాంతం దగ్గర ఉంచుకుంటే ఏది ఉక్కో ఏది అల్యూమినియమో క్షణంలో తెలుస్తుంది. తుప్పు వదిలించే పద్ధతి రెంటికీ ఒకటి కాదు కాబట్టి ఈ తేడా ముందే తెలియాలి.

ఫ్రేమ్‌లో ముందు చూడాల్సింది హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం మొదలయ్యే చోటు. అక్కడ పెయింటు ముడతలు పడినట్టుంటే సైకిల్ ముందునుంచి దేన్నో గుద్దింది. ఆ ఫ్రేమును, ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళ భాగం) ఇక నమ్మకండి. అదే సైకిల్ హ్యాండిల్‌నీ, ముందు చక్రాన్నీ కూడా అనుమానంగానే చూడండి.

కావలసిన పనిముట్లు

8 నుంచి 17 మి.మీ. దాకా పానాలు, 4, 5, 6, 8 మి.మీ. అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు, మంచి బరువున్న సుత్తి, టైరు విప్పే లీవర్లు, వైర్ బ్రష్ ఉంటే సగం పని అయిపోతుంది. పెడళ్ళకు పలుచటి 15 మి.మీ. పానా, హబ్బు కోన్లకు ఇంకా పలుచటి 13, 14, 15 మి.మీ. కోన్ పానాలు కావాలి. ఇవి కాక చైను కట్టర్, స్పోక్ కీ, క్రాంకు పుల్లర్, ఫ్రీవీల్ (వెనక హబ్బుకు మరతో బిగించే పళ్ళ చక్రం) విప్పే సాకెట్టు అవసరం. గట్టి వైస్ దొరికితే అది వీటన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. కళ్ళద్దాలు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. తుప్పుపట్టిన స్పోకు తెగితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

విప్పడానికి ముందురోజే ప్రతి నట్టు మీద, సీటు గొట్టం అంచున, హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే కాడ) చుట్టూ, స్పోకు నిపుళ్ళ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్లు) మొదట్లో పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేయండి. రాత్రంతా నూనె చేసే పని మన బలం చేయలేదు. నట్టు తల గుండ్రంగా అరిగిపోవడానికి కారణం చాలావరకు తొందరే.

సైకిల్ నిలబడి ఉండగానే వదులు చేయాల్సినవి

గట్టిగా పట్టేసిన భాగాలన్నిటినీ సైకిల్ చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే ఒక చుట్టు వదులు చేసేయండి. ముందే చక్రాలు తీసేస్తే ఖాళీ ఫ్రేమును పట్టుకుని బలం వేయడానికి పట్టు దొరకదు.

పెడళ్ళతో మొదలుపెట్టండి. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది రివర్స్ మర. దీనికి కారణం ఉంది. తొక్కేటప్పుడు పడే బరువు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. దాంతో ఆ బరువు తిరిగే దిక్కుకు ఎదురుగా మర మెల్లమెల్లగా జారుతుంది. ఎడమ వైపు మామూలు మర పెడితే తొక్కుతుంటేనే ఊడిపోతుంది. విప్పేటప్పుడు దిక్కు తికమక పడకుండా ఒక గుర్తు: పానాను పెడల్ ఇరుసు మీద నిటారుగా పైకి పెట్టి వెనక చక్రం వైపు లాగండి. కుడిదైనా ఎడమదైనా ఆ వైపుకే వదులవుతుంది.

తర్వాత క్రాంకులు. ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. పాత బరువైన సైకిళ్ళలో క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. దాని నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమానంగా ఉండేదాకా వదులు చేయండి. క్రాంకు కింద ఒక బలమైన ఇనుప గొట్టాన్ని నేలకు ఆనేలా నిలబెట్టి, అప్పుడు సుత్తితో సూటిగా ఒక గట్టి దెబ్బ వేయండి. ఆధారం లేకుండా పదేపదే కొడితే పిన్ను మర చెడుతుంది, దెబ్బంతా బేరింగు మీద పడి అక్కడ గుంతలు పడతాయి. బయటికొచ్చిన పిన్ను దాచకండి. అది మెత్తటి ఉక్కు, ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా కూర్చోదు.

నలుచదరపు ఇరుసు మీద బిగించే క్రాంకులకు పుల్లర్ వాడాలి. బోల్టు తీశాక లోపలి వాషర్ కూడా తీశారో లేదో చూసుకోండి. అది లోపలే ఉండిపోతే పుల్లర్ దాన్ని నెడుతుంది, క్రాంకు అల్యూమినియం మర తెగిపోతుంది. పుల్లర్‌ను చేత్తో చివరిదాకా తిప్పాకే పానా పెట్టండి. మూడో రకంలో రెండు క్రాంకులూ ఇరుసూ కలిపి ఒకే ఉక్కు ముక్క. చిన్నపిల్లల సైకిళ్ళలో ఎక్కువ. దాని ఎడమ వైపు నట్టుది రివర్స్ మర. ఆ సైకిళ్ళ పెడల్ మర అర అంగుళం, మిగతా చాలావాటిది 9/16 అంగుళం. ఈ రెండూ కలవవు కాబట్టి పెట్టెలో విడిగా ఉంచండి.

క్రాంకులు తీశాక, వాటి ఇరుసు బేరింగులను ఫ్రేములో పట్టి ఉంచే కప్పులు విప్పాలి. ఎక్కువ సైకిళ్ళలో ఎడమ కప్పు మామూలుగా విప్పుకుంటుంది, కుడి కప్పుది రివర్స్ మర, అంటే సవ్య దిశలో (గడియారం ముల్లు తిరిగే వైపు) తిప్పితే వదులవుతుంది. ఇటాలియన్ కొలత ఫ్రేముల్లో మాత్రం రెండూ మామూలు మరలే. ఈ చోట దిక్కు తెలియక బిగించేవాళ్ళే ఎక్కువ.

హ్యాండిల్ స్టెమ్ పాత రకమైతే, పైనున్న బోల్టును మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టండి. లోపలున్న గూటం కిందికి జారుతుంది, స్టెమ్ పైకొస్తుంది.

సీటు పోస్టు రాకపోతే చాలామంది వేడి చేయబోతారు. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం పోస్టు ఇరుక్కుంటే అది తప్పు పద్ధతి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుసుకుంటుంది. దానికి బదులు పోస్టును మంచుతో చల్లబరచండి. ఫ్రేమును తలకిందులు చేసి, పెడళ్ళ గొట్టం వైపు నుంచి నూనె వదిలితే అది నెమ్మదిగా దిగి ఇరుకులోకి చేరుతుంది. తర్వాత పాత సీటునే పిడిగా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బయటికొచ్చాక పోస్టు మీద ముద్రించిన కొలత చూసి రాసుకోండి. 27.2 మి.మీ. తరచూ కనిపించే కొలతే గానీ పదోవంతు మిల్లీమీటరు తేడాలతో చాలా రకాలున్నాయి. ఆ కాస్త తేడాకే పోస్టు ఊగుతుంది, లేదా దిగదు.

చక్రాలు: అసలు విలువ ఇక్కడే

దొరికిన సైకిల్లో నేను ముందు వెతికేది మంచి హబ్బునే. దాన్ని కాపాడాలంటే ఒక వరుస పాటించాలి: స్పోకులు ముట్టుకోకముందే ఫ్రీవీల్ తీసేయండి. తొక్కినన్నాళ్ళూ బిగుసుకుంటూ వచ్చిన ఫ్రీవీల్‌ను వదిలించాలంటే రిమ్ము అంత పెద్ద పిడి కావాలి. స్పోకులు కోసేశాక ఉత్త హబ్బును పట్టుకుని దాన్ని తిప్పడం దాదాపు అసాధ్యం.

సరైన సాకెట్టును ఫ్రీవీల్ గాడుల్లో కూర్చోబెట్టి, అది జారిపోకుండా ఇరుసు నట్టుతో పైనుంచి ఆపండి. సాకెట్టును వైసులో బిగించి, రిమ్మును రెండు చేతులతో స్టీరింగ్‌లా పట్టుకుని అపసవ్యంగా తిప్పండి. టక్కుమని కదలగానే ఆగి, ఇరుసు నట్టు వదులు చేసి, మళ్ళీ తిప్పండి. ఆ నట్టు మరిచిపోతే ఇరుసు సాగిపోతుంది. గేర్ల సైకిళ్ళలో పళ్ళ చక్రాలు క్యాసెట్టుగా (హబ్బు మీదికి జారే కట్టగా) ఉంటే సాకెట్టుతో పాటు, పళ్ళ చక్రాన్ని కదలకుండా పట్టే చైను విప్ కూడా కావాలి.

ఇప్పుడు హబ్బు విప్పండి. కింద ఒక గుడ్డ పరుచుకుని, ఫ్రీవీల్ లేని వైపు లాక్ నట్టు, వాషరు, కోను వరుసగా తీసి, అదే వరుసలో ఒక తీగకు గుచ్చండి. బేరింగు గుండ్లు లెక్కపెట్టి రాసుకోండి. మామూలుగా ముందు హబ్బులో ఒక్కో వైపు 3/16 అంగుళం గుండ్లు పది, వెనక హబ్బులో 1/4 అంగుళం గుండ్లు తొమ్మిది ఉంటాయి. పాత గుండ్లు ఎంత మెరిసినా మళ్ళీ వాడకండి. కొత్తవి పెద్ద ఖర్చు కాదు, అరిగినవి కోన్లను పాడుచేస్తాయి.

కోను శుభ్రంగా తుడిచి, గుండ్లు తిరిగిన బాట మీద బాల్‌పెన్ను మొన జరపండి. నున్నగా మెరిసే గీత ఉంటే అది మామూలు అరుగుదలే. మొన ఎక్కడైనా తట్టుకుంటే గుంత పడినట్టే, ఆ కోను పారేయండి. ఇదే పరీక్ష హబ్బు లోపలి కప్పుకూ చేయండి. కోను మార్చుకోవచ్చు, కానీ చాలా హబ్బుల్లో కప్పు మార్చడం కుదరదు. కప్పులో గుంత పడితే ఆ హబ్బు కథ ముగిసినట్టే.

రిమ్ము అల్యూమినియందైతే బ్రేకు రబ్బరు రాసుకునే పక్కగోడకు ఒక స్కేలు ఆనించండి. మధ్యలో లోపలికి గుంట పడితే గోడ పలచబడిందన్నమాట. గాలి ఒత్తిడికి అది ఎప్పుడైనా చీలవచ్చు కాబట్టి దాచకండి. స్పోకు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్ళున్నా అంతే. క్రోమ్ ఉక్కు రిమ్ము తడిలో బ్రేకు సరిగ్గా పట్టదని గుర్తుంచుకోండి. తోపుడు బండికో, చిన్న ట్రాలీకో అయితే అది బాగా సరిపోతుంది.

రిమ్ము, హబ్బు విడదీయాలంటే స్పోకులను టక్కున కోసేయకండి. బిగువు మీద ఉన్న చక్రం ఒక వైపు వదులవగానే మెలి తిరుగుతుంది. ప్రతి నిపుల్‌నూ అర చుట్టు చొప్పున చక్రం అంతా తిరిగి వదులు చేస్తూ పోండి. వంగని, మర తుప్పు పట్టని స్పోకులు పొడవు కొలిచి కట్టలు కట్టండి. వాటిని తెగిన ఒకటీ అరా స్పోకు స్థానంలో వేసుకోవచ్చు. పాత స్పోకులతో కొత్త చక్రం మొత్తం అల్లడం మాత్రం వద్దు, వంపు దగ్గర అలసిపోయి ఉంటాయి.

టైరు కొలత చూసేటప్పుడు అంగుళాలను నమ్మకండి. "26 అంగుళాలు" అని రాసి ఉన్న రిమ్ముల్లో టైరు అంచు కూర్చునే వ్యాసం 559, 571, 584, 590 మి.మీ. ఇలా రకరకాలుగా ఉంటుంది, ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు. పాత పెద్ద సైకిళ్ళ 28 అంగుళాల చక్రాల్లో 635 మి.మీ. ఎక్కువ. 700సి రిమ్ముకూ 29 అంగుళాల రిమ్ముకూ 622 మి.మీ. ఒకటే. టైరు పక్కన 37-622 లాంటి అంకెలు కనిపిస్తే మొదటిది వెడల్పు, రెండోది ఆ వ్యాసం. రెండో అంకె రాసి పెట్టని రిమ్ము తర్వాత ఎవరికీ అక్కరకు రాదు. పక్కగోడల్లో పగుళ్ళు, దారాలు కనబడుతున్న టైరు పారేయాల్సిందే. ట్యూబును నీళ్ళలో ముంచి చూడండి. అతుక్కోనిదైతే వాల్వు నట్టు, మూత తీసుకుని, రబ్బరును పట్టీలుగా కత్తిరించుకోండి. సామాను కట్టడానికీ, చైను తగిలే చోట ఫ్రేముకు చుట్టడానికీ పనికొస్తాయి.

చైను, గేర్లు, బ్రేకులు

చైను దాచడం అరుదు. కొలిచి చూడాలనుకుంటే 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువుంటే చైను అయిపోయింది. ఎనిమిదో వంతు ఎక్కువుంటే దాంతో తిరిగిన పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి. గేర్లు లేని సైకిల్ చైను లోపలి వెడల్పు 1/8 అంగుళం, పాత గేర్ల సైకిల్‌ది 3/32. బిగుసుకుపోయిన తుప్పు చైను నూనెలో నానబెట్టి సాధించేదేం లేదు. గేర్ మీటలను, డిరైలర్‌ను (చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కంపెనీ, గేర్ల సంఖ్య చూసి జతగా కట్టి ఉంచండి. విడివిడిగా పెడితే తర్వాత ఏది దేనితో పనిచేస్తుందో తేల్చడం పెద్ద టెన్షన్.

బ్రేకుల విషయంలో నాకు రాజీ లేదు. కేబుళ్ళు, రబ్బర్లు ఎప్పుడూ కొత్తవే. ఉక్కు కాలిపర్లు (చక్రం పైన బిగించి రిమ్మును రెండు పక్కలా నొక్కే బ్రేకు చేతులు), మీటలు, స్ప్రింగులు, సర్దుబాటు స్క్రూలు మాత్రం దాచుకోవచ్చు. వి-బ్రేకు (చక్రానికి రెండు పక్కలా పొడవాటి చేతులు నిలబడే రకం) మీట కేబుల్‌ను ఎక్కువ పొడవు లాగుతుంది, కాలిపర్ బ్రేకు మీట తక్కువ లాగుతుంది. తారుమారు చేస్తే బ్రేకు పట్టదు, లేదా మీట హ్యాండిల్‌కు తగులుతుంది. హైడ్రాలిక్ డిస్కు బ్రేకుల్లో కొన్ని డాట్ ద్రవంతో, కొన్ని మినరల్ ఆయిల్‌తో పనిచేస్తాయి. ఒకటి పోయాల్సిన చోట ఇంకొకటి పోస్తే సీళ్ళు పాడవుతాయి. ఏ రకమో తెలియకపోతే వదిలేయండి.

దాచకూడనివి

ఒక భాగం విరిగితే ఏమవుతుందో ఆలోచించండి. క్యారియర్ విరిగితే సంచి పడుతుంది. ఫోర్కు, స్టెమ్, హ్యాండిల్ విరిగితే మనిషి తలకిందులుగా పడతాడు. అందుకే వీటిలో గీతపడిన, వంగిన, చరిత్ర తెలియని అల్యూమినియం భాగాలు ఎంత కొత్తగా కనిపించినా పక్కన పెట్టండి. అల్యూమినియం అలసట కంటికి కనిపించదు. కార్బన్ ఫైబర్ భాగాలను అసలు వాడకండి, లోపల పొరలు విడిపోయినా పైకి తెలియదు. వంపూ పగులూ లేని ఉక్కు హ్యాండిల్ మాత్రం నమ్మదగ్గదే.

ఉక్కు ఫ్రేమును దాచాలనుకుంటే దారంతో పరీక్షించండి. వెనక చక్రం కూర్చునే ఒక గాడి నుంచి దారాన్ని హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో గాడికి బిగుతుగా కట్టి, సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవండి. దూరాలు సమానంగా ఉంటే వెనక భాగం తిన్నగా ఉన్నట్టు.

తుప్పు, కడగడం, పేర్లు పెట్టడం

జిడ్డుకు కిరోసిన్, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా. క్రోమ్ లేని ఉక్కు నట్లు, బోల్టులు, స్టాండ్ల తుప్పుకు వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్ళలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటల్లోనే మళ్ళీ ఎర్రబడతాయి. క్రోమ్ మీద తుప్పుకు అల్యూమినియం రేకును నలిపి నీళ్ళలో ముంచి రుద్దితే చాలు. అల్యూమినియం భాగాలను వెనిగర్‌లో నానబెట్టకండి. చైన్లు, గట్టిపరిచిన కోన్ల లాంటివి కూడా ఆమ్లంలో వేయకండి, పెళుసుబారతాయి.

ప్రతి భాగానికీ కాగితపు టేపు అంటించి కొలత రాయండి: హబ్బుకు రంధ్రాల సంఖ్య, ఇరుసు పొడవు, రిమ్ముకు వ్యాసం, క్రాంకుకు పొడవు, ఫ్రీవీల్‌కు పళ్ళ సంఖ్య. రివర్స్ మర ఉన్నవాటికి "రివర్స్ మర" అని పెద్దగా రాయండి. నట్లూ వాషర్లూ ఏ భాగానివి ఆ భాగానికే తీగతో కట్టేయండి.

మిగిలిపోయిన ఉక్కునూ అల్యూమినియాన్నీ అయస్కాంతంతో వేరు చేసి అమ్మండి. కలిపి ఇస్తే ఇనుము ధరే కడతారు. టైర్లు కాల్చకండి, ఆ పొగ విషం. వాడిన కిరోసిన్‌ను కాలువలో పోయకుండా సీసాలో పెడితే మురికి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్ళీ కడగడానికి పనికొస్తుంది. ఫ్రేమును పాత ఇనుముకు వేసే ముందు నంబర్ ఫోటో, అనుమతి కాగితం ఒకచోట భద్రపరచండి. కొనేవాళ్ళు అడగవచ్చు, రేపు ఎవరైనా ఆ సైకిల్ కోసం వచ్చినా చూపించడానికి మీ దగ్గర అవే ఉంటాయి.